తగవు, తగవరి: రాష్ట్రేతరాంధ్రుల ఊళ్లలో మధ్యస్థ సంప్రదాయము

తెలుగున “తగవు” అను మాటకు రెండర్థములు కలవు. పూర్వకావ్యములలో అది న్యాయము, ఔచిత్యము అను అర్థమున విరివిగా కనబడును. “తగు” అను క్రియనుండి ఏర్పడినది కావున, తగినది యేదియో అదియే తగవు. నేడు మనము ఇంటింట వాడుచున్నది రెండవ యర్థమున. తగవు పడుట యనగా పోట్లాడుట. తగవులమారి యనగా కయ్యమునకు కాలు దువ్వువాడు. అయినను “తగవు తీర్చుట” అన్నప్పుడు పాతయర్థపు ఛాయ కొంత మిగిలియే యున్నది. “తగవరి” యనగా పోట్లాడువాడు కాడు, ఇరువురి నడుమ కూర్చుండి తగినది చెప్పువాడు.

ఈ తగవరి చరిత్రను మన రాష్ట్రేతరాంధ్రుల ఊళ్లను దృష్టియందుంచుకొని పరిశీలించుటయే ఈ వ్యాసోద్దేశము. వేలూరు, ఆంబూరు, హోసూరు ప్రాంతముల తెలుగువారును, కోలారు బళ్లారి సీమలవారును, గంజాము తీరమువారును, షోలాపురపు నేతగాండ్రును, యానామువారును తరతరములుగా తమ వివాదములను ఏదో యొక పెద్దల సభలో తీర్చుకొనుచు వచ్చినవారే. ఇప్పుడు ఆ సభలను గూర్చి మనలో రెండు పక్షములున్నవి. ఒక పక్షమువారు, కోర్టుల చుట్టు ఏండ్ల తరబడి తిరుగుటకంటె మన కులపెద్దల కట్టుబాటే మేలు, దానిని మరల నిలువబెట్టవలెనందురు. రెండవ పక్షమువారు, అది యంతయు పీడన, వెలివేత తప్ప వేరు కాదు, సమూలముగ పోవలసినదే యందురు. ఇరుపక్షములవారును కులపెద్ద యాజ్ఞను, ఊరి మధ్యస్థమును ఒకటిగా భావించుచున్నారని నా యభిప్రాయము. చరిత్రలో ఆ రెండును ఒకటి కావు.

మొదట శాస్త్రమేమి చెప్పినదో చూతము. యాజ్ఞవల్క్యస్మృతికి మితాక్షర యను వ్యాఖ్యను రచించిన విజ్ఞానేశ్వరుడు పశ్చిమ చాళుక్య చక్రవర్తి ఆరవ విక్రమాదిత్యుని కాలమున కల్యాణ నగరమున నుండెను. ఆ కల్యాణమే నేటి కర్ణాటకమున బీదరు జిల్లాలోని బసవకల్యాణము. 13వ శతాబ్దిలో, తిక్కన సోమయాజికి దశకుమారచరిత్రమును అంకితమిచ్చిన కేతన, ఈ గ్రంథమును విజ్ఞానేశ్వరీయమను పేర తెలుగు పద్యములలోనికి తెచ్చెను. ధర్మశాస్త్రమును తెలుగువాడు తన భాషలో చదువుకొనుటకు అప్పుడే వీలు కలిగినది. కన్నడ సీమలో పుట్టిన వ్యాఖ్య నెల్లూరి సీమలో తెలుగైనదన్న మాట.

వ్యవహారనిర్ణయము చేయుటకు అర్హమైన సభలు నాలుగని ఆ స్మృతి చెప్పుచున్నది. రాజు నియమించిన అధికారులు మొదటివారు. తరువాత పూగము, ఆ పిమ్మట శ్రేణి, కట్టకడపట కులము. వీనిలో ముందు చెప్పినది వెనుక చెప్పినదానికంటె గురుతరమని నియమము. ఈ మూడు పదములకు మితాక్షర ఇచ్చిన వివరణ మనకు ముఖ్యము. కులమనగా బంధువుల సమూహము. శ్రేణి యనగా జాతి వేరైనను వృత్తి యొకటియైనవారి కూటమి. తమలపాకుల వర్తకులు, నేతగాండ్రు, చర్మకారులు మున్నగువారు ఇందులకు ఉదాహరణములు. పూగమనగా వేరు వేరు జాతులవారును వేరు వేరు వృత్తులవారును ఒకే చోట కాపురముండి ఏర్పడిన సమూహము. అనగా ఊరు, పేట, వాడ. బంధువుల సభలో ఓడినవాడు శ్రేణి యొద్దకును, అచ్చట ఓడినవాడు పూగమునొద్దకును పోవచ్చును. మనము సామాన్యముగా కులమే పైమెట్టనుకొందుము. శాస్త్రము దానిని కడపటిమెట్టున నిలిపినది. ఇరుగుపొరుగుల సభను దానికి రెండు మెట్లు పైన కూర్చుండబెట్టినది. ఈ వరుసను పాఠకులు గుర్తుంచుకొనవలెనని కోరుచున్నాను. ముందు చెప్పబోవు విషయములకు ఇదియే గీటురాయి.

ఆచరణలో ఈ సభ యెట్లు నడచెడిదో మన వ్యవహారపదములే చెప్పును. కూడుచోటు రచ్చ, లేదా చావడి. వివాదము నలుగురిలోనికి వచ్చినప్పుడు “రచ్చకెక్కినది” అనుట నేటికిని కలదు; ఇప్పుడా మాటలో సిగ్గుచేటను అర్థము చేరినది కాని, మొదట అది కేవలము విచారణస్థలమునకు చేరుటయే. ఇరుపక్షములవారు తమ తమ కథనములను వ్రాసి యిచ్చిన అది కైఫీయతు. ఊరివారందరు కూడి చేవ్రాలు చేసి తెలిసిన సంగతిని నివేదించిన అది మహజరు. వీనికంటె ముఖ్యమైనది ముచ్చలిక. పెద్దలు చెప్పిన తీర్పునకు కట్టుబడి యుందుమని వాదిప్రతివాదులు వ్రాసి యిచ్చు ఒడంబడికపత్రమే అది. మధ్యస్థునకు అధికారము ఎచ్చటినుండి వచ్చెడిదన్న ప్రశ్నకు ఆ కాగితమే సమాధానము. కత్తినుండి గాని, పీఠమునుండి గాని కాదు. ఇరువురు ఇష్టపడి చేసిన చేవ్రాలునుండి వచ్చెడిది.

కడపట వ్రాయబడునది రాజీనామా. తెలుగు చెప్పు ఉపాధ్యాయుడను గనుక ఈ మాటను గూర్చి ఒక్క వాక్యము అధికముగ వ్రాయుదును. నేడు రాజీనామా యనగా ఉద్యోగము వదలుకొనుట యని మాత్రమే పిల్లలకు తెలియును. రాజీ యనగా సమ్మతి. ఇరువురును సమ్మతించి వివాదమును ముగించుకొన్నట్లు వ్రాసికొన్న పత్రము రాజీనామా. రాజీ యను మాట మనకు మిగిలినది కాని, ఆ పత్రము పేరు మాత్రము మంత్రులకును ఉద్యోగులకును చెల్లిపోయినది!

ఇక మన తెలుగువారికి సంబంధించిన ఒక వ్యవస్థను కొంత వివరముగ చెప్పవలసి యున్నది. పూర్వపు ఉత్తరార్కాటు జిల్లాలో, అనగా నేటి చిత్తూరు, తిరుపతి, వేలూరు, రాణిపేట, తిరువణ్ణామలై ప్రాంతములలో, దేశాయిసెట్టి యను పెద్ద యుండెడివాడు. 1909లో ఎడ్గార్ థర్‌స్టన్ రంగాచారి సాహాయ్యమున ఏడు సంపుటములుగా ప్రకటించిన దక్షిణభారత కులముల గ్రంథమున ఇతనిని గూర్చి ప్రత్యేకముగ వ్రాసెను. దాదాపు ప్రతి తాలూకాకును ఒక దేశాయి. వారు బలిజలు, తమిళులు కవరైలని పిలుచు తెలుగువారు. వంశనామము ధనపాల. కుడిచేతి వర్గమునకు చెందిన పదునెనిమిది కులములపై ఇతనికి పెత్తనముండెను. బలిజలు, ఉప్పరులు, లంబాడీలు, జోగులు, ఈడిగలు, పరయవారు మొదలగువారందరు ఆ లెక్కలోనివారే. తెలుగు మాటలాడువారును, తమిళము మాటలాడువారును, సంచారజాతులవారును ఒకే తగవరి యొద్దకు వచ్చుచుండిరన్నమాట. ఒక తెలుగు కుటుంబమువాడు పరభాషల వారికి కూడ న్యాయము చెప్పిన ఈ యేర్పాటు మన చరిత్రకారుల దృష్టికి తగినంతగా రాలేదని నా భావము.

అతని పద్ధతి ఇట్టిది. ఊరూరను దేశాయికి ఒక ప్రతినిధి యుండును. ఊరిలో నడవడి తప్పిన వ్యవహారమేదైన తలయెత్తినప్పుడు ఆ ప్రతినిధి పరయకులస్థుని ద్వారమున కబురంపును. అంతట దేశాయి మెత్తని పరుపును దిండ్లును అమర్చిన ఎద్దులబండిలో బయలుదేరును. బండి ముందు బాకా యూదువాడు పరుగెత్తును. ఊరికి చేరి, ప్రక్కనున్న తోపులో విడిది చేసి, బాకా యూదింపగా సంబంధించినవారందరు తోపునకు చేరుదురు. చుట్టుపట్ల గ్రామములవారును తమ తమ మనవులతో వత్తురు. ఈ యంతటికిని ఖర్చు ఎట్లనగా, కులస్థులిచ్చు దమ్మిడీ, రెండు దమ్మిడీల చందాలు; వేడుకలు జరిగినప్పుడు చెల్లించు స్వల్పమైన అణాల మొత్తము. ప్రతినిధియే వానిని వసూలు చేసి పంపును. రాజ్యమునుండి జీతము లేదు.

ఈ వర్ణన చదివినప్పుడు నాకు మూడు సంగతులు తోచినవి. మొదటిది, న్యాయము వాదియొద్దకు నడచి వచ్చినది. పేదవాడు కూలి మానుకొని జిల్లా కచేరీకి పోనక్కర లేదు. తోపు వాని పొలము ప్రక్కనే యున్నది. రెండవది, ఖర్చు పదునెనిమిది కులముల నడుమ దమ్మిడీలుగా పంచబడినది కావున ఏ యొక్కనికిని భారము కాలేదు. మూడవది యంత ప్రియమైనది కాదు. వార్త మోయుటకు పరయకులస్థుడు కావలెను, చందా యిచ్చుటకు పదునెనిమిది కులములును కావలెను. పీఠము మాత్రము ఒక్క వంశమునది. మరియు దేశాయి విచారించిన వ్యవహారములలో ప్రధానమైనవి అప్పులు, గట్లు, నీటిపాళ్లు కావు. స్త్రీపురుషుల నడవడికి సంబంధించినవి. శిక్ష జరిమానా, కానిచో వెలి. జరిమానాకు సమ్మతించి ముచ్చలిక వ్రాసి యిచ్చినవాడు నిజముగ ఇష్టపడి వ్రాసెనా, నిప్పును నీరును పుట్టకుండ పోవునను భయమున వ్రాసెనా? వెలి యను ఆయుధము చేతనున్నవాడు అడిగిన సమ్మతిని సమ్మతి యనుట కష్టము.

కావున దేశాయి వ్యవస్థలో పూగము, కులము రెండును పెనవేసికొని యుండెనని చెప్పవలెను. పదునెనిమిది కులములను ఒక తోపులో కూర్చుట పూగలక్షణము. నడవడిని కట్టడి చేసి వెలివేయుట కులలక్షణము. మొదటిదానిని చూచి మెచ్చువారును, రెండవదానిని చూచి యేవగించుకొనువారును ఇరువురును సత్యమే చెప్పుచున్నారు.

చెన్నపట్టణపు చరిత్రలో మధ్యస్థము విఫలమైన సందర్భమొకటి కలదు. 1707–08 సంవత్సరములలో, థామస్ పిట్ గవర్నరుగా నున్నప్పుడు, కుడిచేతి ఎడమచేతి వర్గములకు నడుమ పెండ్లి యూరేగింపులు ఏ వీథులలో సాగవలెనన్న విషయమున గొప్ప కలహము పుట్టెను. కుడిచేతివారిలో తెలుగు కోమట్లు ముఖ్యులు. ఎడమచేతివారిలో బేరిసెట్లు ముఖ్యులు. ఇరువురును కుంపినీవారికి బట్టలు సమకూర్చు వర్తకులే. ఇరుపక్షముల పెద్దలను పిలిచి కుంపినీ కౌన్సిలు రాజీ చేయ యత్నించెను. కాని కుడిచేతివారు పలువురు పట్టణము విడిచి శాంథోమునకు తరలిపోయిరి. కట్టకడపటికి వీథులను ఇరువర్గములకును పంచుటతో వ్యవహారము సద్దుమణిగెను. ఇచ్చట మధ్యస్థుడు ఎవడు? బట్టల వ్యాపారము ఆగిపోవునేమో యని తొందరపడుచున్న కుంపినీ. తనకు లాభనష్టములున్న తగవులో తగవరిగా కూర్చున్నవాని మాటను ఎవరు నమ్ముదురు? వీథులు పంచుట శాంతియే కాని, పొరుగువారిని పొరుగువారుగా నిలిపిన తీర్పు కాదు. ఎవరి వీథి వారిది యైనప్పుడు పూగము చెడినట్లే.

తరువాతి కాలమున ఇంగ్లీషువారు కోర్టులు పెట్టిరి. అవి ఆలస్యమునకును వ్యయమునకును నిలయములైనవని వారిలోనే ఒకడు గుర్తించెను. అతడే థామస్ మన్రో. 1792 మొదలు ఏడేండ్లు బారామహలులో, అనగా కృష్ణగిరి ధర్మపురి సీమలలో పనిచేసెను. 1800 నుండి 1807 వరకు దత్తమండలములకు కలెక్టరుగా నుండెను. మొదటిది తెలుగువారు తమిళులతో కలిసి యుండు సీమ. రెండవది బళ్లారి కూడ చేరియున్న తెలుగు కన్నడ సీమ. పల్లెలలో పెద్దలు తగవులు తీర్చు విధమును అతడు కన్నులార చూచినవాడు. 1814లో న్యాయవ్యవస్థను సంస్కరించుటకై నియమితుడై వచ్చి, 1816లో కొన్ని రెగ్యులేషనులను చేయించెను. గ్రామ మునసబునకు పది రూపాయల వరకు వ్యాజ్యములను విచారించు అధికారము లభించెను. ఇరుపక్షములును సమ్మతించినచో నూరు రూపాయల వరకు మధ్యస్థుడుగా తీర్పు చెప్పవచ్చును. గ్రామపంచాయతికైతే మొత్తమునకు పరిమితియే లేదు. కాని ఇరుపక్షములును సమ్మతింపవలెను.

మన్రో ఆశ ఫలింపలేదు. జనులు పంచాయతిని వదలి జిల్లా మునసబు కోర్టులకే పోయిరి. దీనికి పండితులు పలు కారణములు చెప్పుదురు. పంచాయతిదారులకు జీతము లేదు. పక్షపాతమను నిందమోపి తమ్మునే కోర్టున కీడ్చుదురేమో యను భయము కలదు. డిక్రీని అమలు జరిపించు బలము తక్కువ. ఇవి సత్యములే. నేను మరియొకటి చేర్చుదును. పంచాయతి సర్కారు కాగితముపై పుట్టినంతనే దాని స్వభావము మారినది. రచ్చబండ మీది పెద్ద, ఊరివాడు. వానికి ఇరువురి తాతలు తెలియును, ఏ గట్టు ఎవరు జరిపిరో తెలియును. రెగ్యులేషను ప్రకారము కూడిన పంచాయతి చిన్న కోర్టువంటిది. చిన్న కోర్టే కావలసియున్నచో పెద్ద కోర్టునకే పోరాదా యని రైతు తలంచెను కాబోలు. మన్రో 1827 జూలై 6వ తేదీన పత్తికొండలో విషూచివలన మృతినొందెను. సీమప్రజలు అతని పేరును బిడ్డలకు మన్రోలప్ప యని పెట్టుకొనిరని ప్రతీతి. పంచాయతి రెగ్యులేషనును మాత్రము ఎవరును తలంచుకొనలేదు.

ఈ శాసనములు చెన్నరాజధానిలోనివి కావున గంజాము జిల్లాకు కూడ వర్తించినవి. 1936లో ఒరిస్సా రాష్ట్రమేర్పడినప్పుడు గంజాము అందులో చేరెను. ఆ తీరమున ఇంకను పైకిపోయి, పూరీ పట్టణపు పెంటకోట పేటలో స్థిరపడిన తెలుగు మత్స్యకారులను చూచినచో, కోర్టు చేయలేని పని యేదియో స్పష్టమగును. ఒకని వలపై మరియొకని వల పడి చినిగినది. పట్టిన చేప ఎవరిది, చినిగిన వల ఎవరు బాగుచేయింపవలెను? మరునాటి తెల్లవారుజామున ఇరువురును మరల ఒకే నీటిలోనికి తెప్పలు తోయవలెను. ఆ సాయంకాలముననే, గాలి ఎటు వీచినదో తెలిసినవాడు కూర్చుండి చెప్పవలసిన తగవది. వకీలుకు ఆ గాలి యెట్లు తెలియును? మధ్యస్థపు నిజమైన క్షేత్రము ఇట్టిదని నేను తలంచుచున్నాను: విడిపోవుటకు వీలులేనివారి నడుమ, వేగముగ, స్థలము తెలిసినవాని చేత.

యానాము దారి వేరు. అచ్చట ఫ్రెంచి ప్రభుత్వము 1819 జనవరి 6వ తేదీ యుత్తరువు ద్వారా తన శాసనసంహితలను ప్రకటించుచునే, హిందువులు, మహమ్మదీయులు తమ తమ కులాచారముల ననుసరించియే తీర్పు పొందుదురని హామీ యిచ్చెను. ఆచారమేదియో దొరలకు తెలియదు గనుక 1827లో పుదుచ్చేరియందు దేశీయులతో నొక సలహాసంఘమును ఏర్పరచిరి. న్యాయస్థానము ప్రశ్న పంపును. సంఘము ఆచారమిట్టిదని సమాధానమిచ్చును. ఇందులో ఆచారమునకు మర్యాద లభించినది, నిజమే. కాని ఊరిలో సాగుచు, అవసరమునుబట్టి మారుచు వచ్చిన ఆచారము, పుదుచ్చేరిలో కాగితముపై నిలిచిపోయినది. గోదావరి యొడ్డునున్న తెలుగు యానామునకు తమిళ నగరము ఆచారము చెప్పవలసి వచ్చినది!

రాష్ట్రముల నడుమ జరిగిన మధ్యస్థమొకటి కూడ మన ఊళ్లను తాకినది. ఆంధ్ర మద్రాసు సరిహద్దు వివాదమున హెచ్.వి. పటాస్కర్ మధ్యవర్తియై గ్రామమును ప్రమాణముగా తీసికొని నిర్ణయము చేసెను. దాని ననుసరించి 1959లో శాసనమై, 1960 ఏప్రిలు 1వ తేదీన తిరుత్తణి మద్రాసు రాష్ట్రమున చేరెను. అటు కొన్ని తమిళ గ్రామములును ఇటు కొన్ని తెలుగు గ్రామములును మిగిలినవి. మిగిలినవారికి బాధ కలుగలేదని చెప్పజాలను. కాని గ్రామము ప్రమాణముగా లెక్కించినందున, పంపకమేదో లెక్కకు అందినది.  ఎవరికిని పూర్తిగా నచ్చని తీర్పు అది. రాజీకి అదియొక లక్షణమేమో.

ఇటీవలి శాసనములకు వత్తము. వెలి యను ఆయుధమును న్యాయస్థానములును శాసనసభలును ఇప్పుడు గట్టిగా పట్టుకొన్నవి. 2011లో సుప్రీంకోర్టు తమిళనాటి వ్యవహారమొకదానిలో కట్టపంచాయతులు సర్వథా అక్రమములని తీర్పు చెప్పెను. 2018లో, యుక్తవయస్కులైన ఇరువురు ఇష్టపడి చేసికొను వివాహమున ఏ కులసభయు జోక్యము చేసికొనరాదని నిర్ణయించెను. మహారాష్ట్రము సాంఘిక బహిష్కారమును నేరముగా నిర్ణయించు శాసనమును 2016లో ఆమోదించగా, 2017లో అది యమలులోనికి వచ్చెను. ముంబయి, షోలాపురములలోని మన తెలుగు సంఘములవారికి ఇది తెలిసి యుండవలెను. కులనియమము తప్పినవానిని శుభాశుభములకు పిలువరాదని తీర్మానము వ్రాయుట ఇప్పుడు శిక్షార్హమైన నేరము. నన్నడిగినచో ఈ మార్పు శాస్త్రమునకు విరుద్ధము కాదు. కులసభను కడపటి మెట్టున నుంచిన స్మృతిని మనము మరచితిమి గాని, అది మనలను మరువలేదు.

మరియొక వంక మధ్యస్థమునకు ప్రభుత్వము ద్వారము తెరచుచున్నది. 1987 నాటి న్యాయసేవాధికార శాసనము క్రింద లోక్ అదాలతులలో కుదిరిన రాజీకి డిక్రీతో సమానమైన బలము కలదు. 2023 నాటి మధ్యవర్తిత్వ శాసనమున స్థానికసమాజ మధ్యవర్తిత్వమునకు ఒక ప్రత్యేకాధ్యాయమే చేర్చబడినది. ఒక ప్రాంతమునందలి నివాసుల నడుమ, కుటుంబముల నడుమ శాంతికి భంగము కలిగించు వివాదమును, ఇరుపక్షముల ముందస్తు సమ్మతితో, ముగ్గురు మధ్యవర్తులు పరిష్కరింపవచ్చును. వారి పట్టికలో సమాజమున గౌరవము కలవారు, నివాసుల సంఘముల ప్రతినిధులు మొదలగువారుండవచ్చును. స్త్రీల ప్రాతినిధ్యమును కూడ గమనింపవలెను. కుదిరిన ఒడంబడికను వ్రాసి, ఇరుపక్షములు చేవ్రాలు చేయగా మధ్యవర్తులు ధ్రువీకరింతురు. అయితే దానికి కోర్టు డిక్రీ బలము లేదు; ఊరి శాంతికై మాత్రమే అది.

బలము లేని పత్రమెందుకని కొందరు హేళన చేయుదురు. నాకట్లు తోచలేదు. ఈ యధ్యాయము చెప్పుచున్నది కులమును కాదు, ప్రాంతమును. బంధువులను కాదు, నివాసులను. ఇది పూగమే. ముందస్తు సమ్మతి యన్నది ముచ్చలికయే. చేవ్రాళ్ల ఒడంబడిక యన్నది పాత రాజీనామాయే. వెలి యను భయము తీసివేసిన పిమ్మట మిగిలిన దేశాయి తోపు ఇది. పీఠము మాత్రము ఒక్క వంశమునది కాక ముగ్గురిది.

రాష్ట్రేతరాంధ్రులకు ఇందులో ప్రత్యేకమైన చిక్కు ఒకటి కలదు. మన వివాదములు ఇప్పుడు మనలో మనకే కాదు. హోసూరులో తెలుగువాని గోడ ప్రక్క గోడ తమిళునిదో కన్నడిగునిదో, బరంపురములో ఒడియావానిది. మన సంఘభవనములలో మనవారు మాత్రమే కూర్చుండి చెప్పిన తీర్పు ప్రక్కింటివానిని కట్టదు. మన పెద్దలకు తెలుగు మాత్రమే చాలదు, ఆ నేల భాష కూడ రావలెను. అదృష్టవశమున మన వారిలో అది రానివారు అరుదు. ఎదుటివాని భాషలో వాని వాదమును వినగలవాడు సగము తగవును విన్నంతనే తీర్చును. రెండు మూడు భాషల నడుమ బ్రతికిన మనవారికి ఈ పనియందు పుట్టుకతో వచ్చిన యోగ్యత కలదని అతిశయోక్తి లేకుండ చెప్పవచ్చును. మన సంఘములు కులపెద్దల పట్టికలకు బదులు, పేటపేటకును ఇరుగుపొరుగుల భాషలు తెలిసిన స్త్రీపురుషుల పేర్లను జిల్లా న్యాయసేవాధికార సంస్థకు అందజేసినచో బాగుండును.

మరియొక పని కలదు, అది పాఠశాలలది. మన ఇండ్లలోని ఇనుపపెట్టెలలో తాతలనాటి ముచ్చలికలు, రాజీనామాలు, గట్టు పంపకపు కాగితములు ఎన్నియో యుండునని ఊహించుట కష్టము కాదు. అవి గొలుసుకట్టు వ్రాతలో ఉండును. లెక్కలు వీసములలోను, అణాలలోను, కుంచములలోను ఉండును. మా పాఠశాలలలో పిల్లలకు అచ్చక్షరము నేర్పుచున్నాము గాని గొలుసుకట్టు నేర్పుట లేదు. తెలుగే చదువని మనుమలకు ఆ కాగితములు చిత్తుతో సమానము. ఏ బావి నీటిలో ఎవరికి ఎన్ని మూరల వంతు, ఏ దారి ఎవరి పొలము మీదుగా పోవచ్చును అన్న నేటి తగవులకు సమాధానము ఆ చిత్తులోనే యుండవచ్చును. ఒక్కొక్క ఊరిలో నలుగురైదుగురు పెద్దపిల్లలకు వారమునకు ఒక గంట చొప్పున ఆ వ్రాత నేర్పి, కాగితము ఇంటి యజమాని యొద్దనే యుంచి, నకలు మాత్రము తేట అక్షరములలో తెలుగునను ఆ ప్రాంతపు భాషయందును వ్రాయించవచ్చును. దీనికి గ్రాంటు అక్కరలేదు. గొలుసుకట్టు చదువగల ముదుసలులు ఉన్నంతలో మొదలుపెట్టవలెను.